యాభై మీటర్ల నిబంధన కొలవనిది: చెన్నై కాలేజీల చుట్టూ మద్యం, నేరం

తమిళనాడులో బడికీ గుడికీ మద్యం షాపు ఎంత దూరంలో ఉండాలో 2003 నాటి రిటైల్ అమ్మకం నిబంధనలు చెబుతాయి. కార్పొరేషన్లు, మున్సిపాలిటీల్లో 50 మీటర్లు. మిగతా చోట్ల 100 మీటర్లు. అంటే కాలేజీలూ హాస్టళ్ళూ జనమూ కిక్కిరిసి ఉన్న చెన్నైలో పాటించాల్సిన దూరం పల్లెటూళ్ళో పాటించాల్సిన దాంట్లో సగమే. పట్టణ ప్రణాళికలో ఆ చోటును వాణిజ్య ప్రాంతమనో పారిశ్రామిక ప్రాంతమనో చూపించి ఉంటే ఆ సగం కూడా అక్కర్లేదు. యాభై మీటర్లు నడవడానికి నిమిషం పట్టదు.

ఈ లెక్క తెలుగువాళ్ళకు పరాయిది కాదు. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు, గుంటూరు వైపు నుంచి ఏటా ఇంటర్ పూర్తిచేసిన పిల్లలు చెన్నై ఇంజనీరింగ్ కాలేజీలకు పెద్ద సంఖ్యలో వెళ్తున్నారు. చెన్నై నుంచి దక్షిణానికి పోయే జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద పోతేరి, కట్టంకులత్తూర్, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు సెమ్మంచేరి, కేళంబాక్కం లాంటి చోట్ల తెలుగు వినపడని సాయంత్రం ఉండదు. అడ్మిషన్‌కి వచ్చిన తల్లిదండ్రులు ఫీజు అడుగుతారు, ప్లేస్‌మెంట్లు అడుగుతారు, మెస్సులో మన పప్పూ పచ్చడీ ఉంటాయా అని అడుగుతారు. మొదటి ఏడాది హాస్టల్లో ఉన్న పిల్లలు చాలామంది తర్వాత బయట రూము తీసుకుంటారు. ఆ రూముకీ కాలేజీ గేటుకీ మధ్య దారిలో ఏముందని అడిగేవాళ్ళు తక్కువ. నిబంధన కూడా అడగదు. అందులో ఉన్నవి విద్యాసంస్థ, ప్రార్థనా స్థలం. ప్రైవేటు హాస్టళ్ళు, పీజీలు, అద్దె రూములు ఉన్న సందు దాని దృష్టిలో లేదు.

షాపులు పెరిగితే నేరాలు పెరుగుతాయా అన్న ప్రశ్నను విదేశీ పరిశోధకులు చాలాకాలంగా తవ్వుతున్నారు. 1995లో రిచర్డ్ స్క్రిబ్నర్ బృందం లాస్ ఏంజెలెస్ కౌంటీలోని 74 నగరాల లెక్కలు తీసింది. ఆదాయం, నిరుద్యోగం లాంటి తేడాలను సరిచేశాక కూడా, ఒక సగటు నగరంలో ఒక్కో అదనపు మద్యం షాపుకీ ఏడాదికి 3.4 దాడి కేసులు ఎక్కువగా కనిపించాయి. క్యాంపస్‌ల సంగతికొస్తే, హెన్రీ వెక్స్లర్ బృందం 2002లో కాలేజీల ఇరుగుపొరుగు వాళ్ళను అడిగి చూసింది. షాపులు గుత్తులుగా ఉన్నచోట రాత్రి గోల, ఆస్తి ధ్వంసం, గోడల పక్కన మూత్రాలు, వాంతులు ఎక్కువని వాళ్ళు చెప్పారు. మరుసటి ఏడాది ఎలిసా వైట్జ్‌మన్‌తో కలిసి ఎనిమిది విశ్వవిద్యాలయాల మీద వచ్చిన అధ్యయనంలో, చుట్టుపక్కల షాపుల సాంద్రత పెరిగేకొద్దీ విద్యార్థుల్లో అతిగా తాగడం, దానివల్ల వచ్చే గొడవలు కూడా ఎక్కువగా ఉన్నాయని తేలింది.

ఇక్కడ తెలివైన పాఠకుడు ఒక ఆక్షేపణ తెస్తాడు. షాపుల వల్ల నేరం పెరిగిందా, లేక అద్దెలు తక్కువగా ఉండి పోలీసులు అంతగా తిరగని పేటలోనే షాపులూ నేరాలూ రెండూ చేరాయా? న్యాయమైన ప్రశ్న. ఒకే ఏడాది లెక్కలు చూసి దీనికి జవాబు చెప్పలేం. అందుకే 2006లో పాల్ గ్రూనవాల్డ్, లిలియన్ రెమర్ కాలిఫోర్నియాలో వందలాది పిన్‌కోడ్ ప్రాంతాలను ఆరేళ్ళ పాటు వెంబడించి చూశారు. అదే పేటలో షాపుల సాంద్రత మారినప్పుడు దాడుల సంఖ్య కూడా దానివెంట మారింది. ఇలాంటి ఆధారాలన్నీ పోగయ్యాక 2009లో అమెరికాలోని ప్రజారోగ్య నిపుణుల కార్యదళం షాపుల సాంద్రతను అదుపు చెయ్యాలని సిఫారసు చేసింది.

కారణం చెప్పడానికి మాటలు చాలా ఉన్నాయి గానీ, ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ లివింగ్‌స్టన్, తన్యా చిక్రిట్జ్, రాబిన్ రూమ్ 2007లో చేసిన విభజన మన వీధులకు బాగా సరిపోతుంది. ఒకటి, దగ్గరితనం: షాపు పక్కనే ఉంటే కొనడానికి పడే శ్రమ తగ్గుతుంది, ఎక్కువసార్లు కొంటారు. రెండోది, ఆ చోటుకి వచ్చే మార్పు: షాపులు ఒకచోట గుమికూడితే ఆ వీధి స్వభావమే మారిపోతుంది. మామూలు జనం ఆ వేళకి అటు రావడం మానేస్తారు, అందుకోసమే వచ్చేవాళ్ళు మిగులుతారు. లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ 1979లో చెప్పింది కూడా దీనికి కలుస్తుంది. నేరం జరగాలంటే చెయ్యడానికి సిద్ధంగా ఉన్న మనిషి, చేతికి దొరికే మనిషి లేదా వస్తువు, అడ్డుకునేవాళ్ళు లేని సమయం, ఈ మూడూ ఒకే చోట కలవాలి. మద్యం వీధి ఆ మూడింటినీ రోజూ ఒకే వేళకి కలుపుతుంది.

అయితే ఆ లెక్కల్ని ఎత్తుకొచ్చి చెన్నైలో అతికించకూడదు. స్క్రిబ్నర్ సగటు నగరం అంటే 50,000 మంది జనాభాకి 100 షాపులు, అంటే 500 మందికి ఒకటి. తమిళనాడులో పరిస్థితి పూర్తిగా వేరు. 2003 నవంబరు నుంచి రిటైల్ అమ్మకం మొత్తం ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉంది. 2023 జూన్‌లో 500 షాపులు మూసేశాక 4,829 మిగిలాయి. 2011 జనాభా లెక్కల్లోని 7.21 కోట్ల మందితో భాగిస్తే ఒక్కో షాపుకి దాదాపు 15,000 మంది. పాశ్చాత్య కొలతల్లో ఇది చాలా పలుచన. అక్కడి సూత్రాన్ని గుడ్డిగా వాడితే చెన్నైలో సమస్యే లేదని తేలాలి. టాస్మాక్ ఉన్న సందులో ఒక్క సాయంత్రం గడిపినవాళ్ళెవరూ ఆ మాట ఒప్పుకోరు.

ఇక్కడి సమస్య షాపుల సంఖ్య కన్నా ఒక్కో షాపు చుట్టూ చేరే జనంలో ఎక్కువగా ఉంది. టాస్మాక్ ద్వారా ప్రభుత్వానికి వచ్చిన రాబడి 2022–23లో 44,121 కోట్లు. అప్పుడు ఉన్న 5,329 షాపులతో భాగిస్తే షాపుకి ఎనిమిది కోట్ల పైచిలుకు. 500 షాపులు మూసేశాక, 2024–25కి రాబడి 48,344 కోట్లకు చేరింది. మిగిలిన షాపులతో భాగిస్తే ఒక్కోదానికి పది కోట్లు. ఈ పెరుగుదలలో పన్నులు, ధరలు పెంచిన వాటా కూడా ఉంది కాబట్టి అంతా ఎక్కువ తాగడమే అనుకోకూడదు. కానీ ఒక సంగతి తేటతెల్లం: మూసిన షాపు దగ్గర కొనేవాడు ఇంటికి పోయి ఊరుకోలేదు, తర్వాతి షాపుకి వెళ్ళాడు. ఆ తర్వాతి షాపు ఏ హాస్టళ్ళ సందులో ఉంటే ఆ సందుకి కొత్త జనం వచ్చారు. షాపులు మూయడం మంచి పనే. ఏది మూశారు, దాని జనం ఎటు మళ్ళారు అన్నది చూడకుండా 500 అన్న అంకె చెప్పి ఊరుకోవడం మాత్రం సరిపోదు.

ఇలా మళ్ళడం ఎంత వేగంగా జరుగుతుందో 2017లో రాష్ట్రమంతా చూసింది. దానికి దారితీసిన తీర్పు పుట్టింది తమిళనాడు కేసులోనే. కె. బాలు వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న జాతీయ, రాష్ట్ర రహదారులకి 500 మీటర్ల లోపు మద్యం షాపులు ఉండకూడదని తీర్పు ఇచ్చింది. రోడ్డు ప్రమాదాలు తగ్గించడం దాని ఉద్దేశం. 2017 ఏప్రిల్ వచ్చేసరికి మూడు వేలకు పైగా టాస్మాక్ షాపులు రోడ్ల పక్కనుంచి లేచాయి. లేచినవి లోపలికి, ఇళ్ళ మధ్యకి వెతుక్కుంటూ వచ్చాయి. ఆ వేసవి అంతా ఊరూరా ఆడవాళ్ళు కొత్త షాపుల ముందు బైఠాయించారు. తిరుప్పూరు జిల్లా సామళాపురంలో అలా కూర్చున్న ఒక మహిళని పోలీసు అధికారి చెంపదెబ్బ కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది. రహదారి మీద ప్రాణాలు కాపాడాలన్న మంచి ఉద్దేశమే, వేరే కొలత లేకుండా దూరాన్ని మాత్రమే పట్టుకోవడంతో, ఇళ్ళ మధ్య కొత్త భయం తెచ్చిపెట్టింది. అదే ఏడాది జులైలో మునిసిపల్ ప్రాంతాలకి ఆ నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

టాస్మాక్ పనివేళలు మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి పది దాకా. 2016 మేలో జయలలిత ప్రభుత్వం మారుస్తూ, పొద్దున పదికి తెరిచే షాపును పన్నెండుకి జరిపింది. మూసే వేళ మాత్రం పదిగానే ఉంది. రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఇలాంటి షాపు దగ్గర పరిస్థితి ఒకసారి చూడాలి. ఇనుప కటకటాల్లో చెయ్యి పట్టేంత కిటికీ, దాని ముందు వరస అనే పేరే తప్ప వరస లేని గుంపు, పక్కన బండి మీద ఉడికించిన గుడ్లు, శనగ గుగ్గిళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు. పదికి షట్టర్ పడగానే చివరి నిమిషంలో క్వార్టర్ కొన్నవాళ్ళంతా ఒకేసారి రోడ్డు మీద ఉంటారు. ఆనుకుని బార్ లేకపోతే, లేదా అక్కడ చోటు లేకపోతే, ఖాళీ ప్లాటు, కట్టి వదిలేసిన బిల్డింగు, రైలు పట్టాల పక్క చీకటి వాళ్ళ బార్ అవుతాయి. సరిగ్గా అదే వేళకి చెన్నై బీచ్ స్టేషన్ వైపు నుంచి వచ్చిన లోకల్ రైలు దిగి, ప్రాజెక్టు పనో పార్ట్‌టైమ్ ఉద్యోగమో ముగించుకుని, వీపున ల్యాప్‌టాప్ బ్యాగుతో ఒంటరిగా నడుచుకుంటూ వచ్చే అమ్మాయికి వేరే దారి ఉండదు. వీధి దీపం వెలగని ఆ ఇరవై అడుగుల సందులో ఆమె పడే భయం ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ నమోదు కాదు. ఎవరూ ఏమీ చెయ్యకపోయినా ఆమె దారి మార్చుకుంటుంది, రైలు మార్చుకుంటుంది, కొన్నాళ్ళకి ఆ పనే మానుకుంటుంది. నేరాల పట్టికలో సున్నా ఉన్నచోట కూడా నష్టం ఇంత ఉంటుంది.

తాగినవాడే నేరస్థుడనుకోవడం సగం నిజమే. తాగి తూలేవాడు జేబుదొంగకి అందరికన్నా సులువుగా దొరికే మనిషి. ఫోన్ పోగొట్టుకున్నవాడు మర్నాడు స్టేషన్‌కి వెళ్ళి ఎక్కడ, ఏ స్థితిలో పోయిందో చెప్పుకోవాలంటే జంకుతాడు. విద్యార్థి అయితే మరీను, ఇంటికి తెలుస్తుందన్న భయం ఒకటి, కాలేజీ క్రమశిక్షణ కమిటీ భయం ఒకటి. పైగా తమిళనాడులో మద్యం కొనాలంటే 21 ఏళ్ళు నిండాలి. అంటే బీటెక్ మొదటి మూడేళ్ళ పిల్లల్లో దాదాపు ఎవరికీ చట్టప్రకారం ఆ కౌంటర్ దగ్గర పని లేదు. చివరి ఏడాది సీనియర్ కొని తెచ్చి రూములో జూనియర్లకి పోసే పద్ధతి మాత్రం క్యాంపస్‌లు ఎరిగినవాళ్ళందరికీ తెలుసు. భాష రాని ఊళ్ళో, కొత్తగా చేరిన కుర్రాడు సీనియర్ మాట కాదనడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. తాగించి చేసే ర్యాగింగు గురించి బయటికి చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ.

అన్ని గొడవలనీ మద్యం ఖాతాలో వెయ్యడం కూడా తప్పే. చెన్నైలో కాలేజీ హింస అనగానే ముందు గుర్తొచ్చేది ‘రూట్ తల’. ఫలానా బస్సు రూటుకి, ఫలానా లోకల్ రైలుకి తమదే పెత్తనమని విద్యార్థి గుంపులు కొట్టుకోవడం దశాబ్దాలుగా ఉంది. 2019 జులైలో అరుంబాక్కంలో బస్సులో కత్తులతో దాడి జరిగింది. 2024 అక్టోబరులో చెన్నై సెంట్రల్ దగ్గర పచ్చయప్ప కాలేజీ విద్యార్థుల దాడిలో గాయపడిన ప్రెసిడెన్సీ కాలేజీ విద్యార్థి చనిపోయాడు. పక్కన షాపు ఉన్నా లేకున్నా ఇలాంటివి జరిగేవి. వాటి మూలాలు కుల, ప్రాంత పరిచయాల్లో, తోటివాళ్ళ ముందు మగతనం చూపించుకోవాలన్న పోటీలో ఉన్నాయి. కాలేజీ పరిసరాల నేరాలన్నిటినీ ఒకే కుప్పగా పోసి, షాపుల సంఖ్యతో గీత కలిపేవాడు ఈ కేసుల్ని కూడా మద్యం కిందే లెక్కగట్టేస్తాడు. ఏ రకం నేరం, ఏ వేళ, ఎక్కడ అన్నది విడదీస్తే తప్ప ఈ సంబంధం బోధపడదు.

విడదీయడానికి మన దగ్గర లెక్క లేదు, అదే పెద్ద లోటు. జాతీయ నేర గణాంక సంస్థ ఏటా చెన్నై మొత్తానికి ఒక అంకె ఇస్తుంది. కాలేజీ చుట్టూ కిలోమీటరు లోపల ఏం జరిగిందో అందులో వెతికినా దొరకదు. అమెరికాలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని 1986లో తన హాస్టల్ గదిలోనే హత్యకి గురైతే, ఆమె తల్లిదండ్రుల పోరాటంతో 1990లో చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రతి కాలేజీ తన క్యాంపస్‌లో, దాన్ని ఆనుకున్న వీధుల్లో జరిగిన నేరాల లెక్క ఏటా బయటపెట్టాలి. పిల్లల్ని చేర్చే ముందు ఆ పట్టిక చూసే హక్కు అక్కడి తల్లిదండ్రులకి ఉంది. మన దేశంలో అలాంటి చట్టం లేదు. లక్షల ఫీజు కట్టే తండ్రికి కాలేజీ బ్రోషర్‌లో కట్టిన బిల్డింగులు కనిపిస్తాయి గానీ గేటు బయటి కేసులు కనిపించవు.

విద్యార్థుల్ని ఈ కథలో తాగేవాళ్ళుగానే చూడటం అన్యాయం. 2015 జులై 31న కన్యాకుమారి జిల్లాలో ఒక టాస్మాక్ షాపును తీసెయ్యాలని సెల్ టవర్ ఎక్కిన గాంధేయవాది శశి పెరుమాళ్ ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాత రోజుల్లో చెన్నై చేట్‌పేట్‌లో టాస్మాక్ షాపు మీద పడి పగలగొట్టింది పచ్చయప్ప కాలేజీ విద్యార్థులే. ఆ పద్ధతి సమర్థించేది కాదు, కేసులూ అయ్యాయి. కానీ కాలేజీ పక్కన షాపు వద్దని కోరుకునేవాళ్ళలో విద్యార్థులు ముందు వరసలో ఉన్నారన్న సంగతి మరవకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద పోరాడింది తమ గడప ముందు ఏం జరుగుతోందో వాళ్ళకి తెలిసే. సందులో నడిచేవాళ్ళకి ఉండే ఆ ఎరుక అంకెల పట్టికలో దొరకదు.

లెక్కలోకి రాని అమ్మకం మరొకటి ఉంది. ఆంధ్రాలో 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే షాపులు నడిపినా, 2024 అక్టోబరులో 3,396 షాపుల్ని లాటరీ తీసి ప్రైవేటుకి ఇచ్చినా, బెల్టు షాపు అన్న మాట మాత్రం జనం నోట్లోంచి పోలేదు. చెన్నైలో దాని తమ్ముడు ‘సందుకడై’. షాపు తెరవకముందు పొద్దున్నే, మూశాక రాత్రి, ఎక్కువ ధరకి సీసాలు అమ్మే చాటు బేరం. రాత్రి పది తర్వాత జరిగే గొడవలకి పదింటికి మూసిన షాపుతో సంబంధం లేదని వాదించేవాళ్ళు దీన్ని లెక్కలో వేసుకోరు. గంజాయి సంగతి వేరు. 2024 ఆగస్టు ఆఖర్న పోతేరి దగ్గర విద్యార్థులు అద్దెకుండే అపార్ట్‌మెంట్లలో పోలీసులు భారీగా సోదాలు చేసినప్పుడు వార్తల్లోకి వచ్చింది అదే. రూముల్లో వెతకడం పోలీసులకి అలవాటైన పని. షాపు దగ్గర రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా నిలబడటం కూడా అంతే అలవాటు కావాలి.

వేళల మీద పనిచేస్తే ఫలితం ఉంటుందనడానికి గట్టి ఉదాహరణలున్నాయి. బ్రెజిల్‌లో డియాడెమా అనే పారిశ్రామిక పట్టణం 2002 జులైలో బార్లు రాత్రి పదకొండుకే మూయించింది, హత్యలు సుమారు 44 శాతం తగ్గాయి. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో 2008లో తెల్లవారి ఐదుకి మూసే పబ్బుల్ని మూడు, మూడున్నరకి మూయించాక దాడులు 37 శాతం తగ్గాయి. చెన్నైలో షాపులు ఇప్పటికే పదికి మూస్తున్నారు కాబట్టి అదే మందు ఇక్కడ అదే మోతాదులో పనిచెయ్యకపోవచ్చు. ఇక్కడ చూడాల్సింది ఆఖరి అరగంట గుంపు. హాస్టళ్ళ సందుల్లో ఉన్న షాపుల్ని మిగతావాటికన్నా గంట ముందు మూస్తే, చివరి లోకల్ రైళ్ళ జనమూ షట్టర్ పడ్డాక బయటపడ్డ జనమూ ఒకే సందులో ఒకే వేళకి ఎదురుపడరు. గుంపు పక్క షాపుకి మళ్ళే ప్రమాదం అప్పుడూ ఉంటుంది. అందుకే ముందు ఒకటి రెండు చోట్ల చేసి, చుట్టుపక్కల స్టేషన్ల కేసులు కొలిచి, తర్వాత పెంచాలి.

దూరం కొలిచే తీరు కూడా మారాలి. గేటు నుంచి షాపుకి గీత గీసే బదులు, స్టేషన్ నుంచి, బస్టాపు నుంచి విద్యార్థులు ఉండే వీధులకి నడిచే దారి మీద ఎన్ని షాపులున్నాయి, ఒక్కోదాని రోజువారీ అమ్మకం ఎంత అని చూడాలి. ప్రైవేటు లైసెన్సులున్న రాష్ట్రాల్లో ఈ వివరాలు రాబట్టడం కష్టం. తమిళనాడులో ఆ అడ్డంకి లేదు. షాపువారీ అమ్మకం లెక్క టాస్మాక్ దగ్గర రోజూ తయారవుతుంది. స్టేషన్‌వారీ ఎఫ్‌ఐఆర్‌లు పోలీసుల దగ్గర ఉన్నాయి. ఈ రెండూ రాష్ట్ర సచివాలయంలో ఒకే శాఖ కిందకి వస్తాయి, దాని పేరు హోం, మద్యనిషేధం, ఎక్సైజ్ శాఖ. పోతేరి చుట్టూ ఉన్న షాపుల అమ్మకాలనీ, ఆ స్టేషన్ పరిధిలో రాత్రి తొమ్మిది నుంచి పన్నెండు మధ్య నమోదైన కేసులనీ ఒకే పటం మీద పెట్టి ఏడాదికోసారి ప్రచురించడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆ శాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు.